డెబ్బై తలుపులకు ఒక్క క్లూ అయినా ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మీ పిల్లల పేజీలో ఒక పొడుపుకథ వచ్చింది. 'డెబ్బై తలుపులున్న ఇల్లు, లోపల ఒక్క గదీ లేదు. ఏమిటది?' వారం తర్వాత జవాబు వేశారు: ప్రకాశం బ్యారేజి. దాని కింద చిన్న అక్షరాల్లో 'సరైన జవాబు ఒక్కరూ పంపలేదు, ఈ కాలం పిల్లలకు సొంత ఊరి సంగతులే తెలియడం లేదు' అని ఒక చురక. ఆ చురక గురించే ఈ ఉత్తరం.

నేను మొబైల్ పజిల్ గేములు తయారుచేస్తాను. ఆ పొడుపుకథ నాకు భలే నచ్చింది. ఎవరు రాశారో గానీ చెయ్యి తిరిగినవాళ్లే. చిక్కల్లా ఒకటే, ఆలోచించి జవాబు దాకా వెళ్లే దారి అందులో లేదు. బ్యారేజికి 70 గేట్లని తెలిసినవాడు చిటికెలో చెప్పేస్తాడు, తెలియనివాడు వారమంతా బుర్ర బద్దలుకొట్టుకున్నా చెప్పలేడు. మా అక్క కొడుకు ఆరో తరగతి. వాళ్ల నాన్న బండి మీద బ్యారేజి దాటి సీతానగరంలో నానమ్మ దగ్గరికి వెళ్తూనే ఉంటాడు. గేట్లున్నాయని వాడికి తెలుసు, బండి వెనక కూర్చుని వాటిని ఎవరు లెక్కపెడతారు? వాడు 'రైలు' అని రాసి పంపాడు. తలుపులు బోలెడు, గదులు లేవు. ఏసీ ఫస్ట్ క్లాసు సంగతి వాడికి తెలియదు లెండి. నన్నడిగితే సగం మార్కులివ్వాల్సిన జవాబు అది.

మా పనిలో గేమ్ బయటికి వదిలేముందు నలుగురి చేతికి ఫోన్ ఇచ్చి, పక్కన నోరు మూసుకుని కూర్చుంటాం. వేలు ఎక్కడ ఆగింది, ఎక్కడ పదేపదే తప్పు చోట నొక్కుతోంది, అదే చూస్తాం. చెప్పెయ్యాలని నాలుక దురద పెడుతుంది, అయినా చెప్పకూడదు. అందరూ ఒకేచోట ఆగిపోయారంటే లోపం మాది. అప్పుడు కూడా పజిల్ బాగుంటే దాన్ని చెడగొట్టం, పక్కన క్లూలు పెడతాం.

1980లలో అమెరికాలో ఇన్ఫోకామ్ అనే కంపెనీ అచ్చంగా మాటలతోనే ఆడే గేములు చేసేది. ఆటలో ఇరుక్కుపోయినవాళ్ల కోసం 'ఇన్విజిక్లూస్' అని చిన్న పుస్తకాలు అమ్మింది. పేజీలో ప్రశ్న మాత్రం కనిపిస్తుంది. కింద క్లూలు కనిపించని సిరాతో అచ్చువేసి ఉంటాయి, ప్రత్యేకమైన మార్కర్‌తో రుద్దితే తేలతాయి. మొదటిది ఊరికే చూపు మళ్లిస్తుంది, తర్వాతది ఇంకాస్త దగ్గరికి తెస్తుంది, చివరిది జవాబే. ఎంతవరకు రుద్దాలో ఆడేవాడి ఇష్టం. ప్రశ్నలు చదివినంత మాత్రానే కథ పసిగట్టేస్తారని, ఆటలో లేనేలేని సంగతుల మీద దొంగ ప్రశ్నలు కూడా కొన్ని కలిపేవారు! ఆ జాగ్రత్త చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

మీకు ఆ సిరా అక్కర్లేదు, పేపరు రోజూ వస్తుంది. ఆదివారం పొడుపుకథ వేసి, వారం మధ్యలో జిల్లా పేజీలో ఓ మూల ఒక్కో వాక్యం వెయ్యండి. దీనికే చూడండి. మంగళవారం: 'తలుపు తీస్తే బయటికొచ్చేది మనుషులు కాదు.' దీంతో రైలు పోయింది, జవాబు మాత్రం బయటపడలేదు. గురువారం: '2024 సెప్టెంబరులో ఈ తలుపులన్నీ ఎత్తేశారు.' బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చిన రోజులవి. బుడమేరు వాగు నీళ్లలో మునిగిన సింగ్‌నగర్ పిల్లలు ఆ నెల పేరు వింటేనే పట్టేస్తారు. అప్పటికీ తెలియనివాళ్లకు శనివారం: 'దీని మీదుగా సీతానగరం వెళ్లొచ్చు.' క్లూ రాకముందే చెప్పినవాళ్లకు పెద్ద బహుమతి, తర్వాత చెప్పినవాళ్లకు చిన్నది.

ఇంకో మాట. సొంతంగా అల్లిన ఇలాంటి పొడుపుకథకు ఫోన్‌లో వెతికినా రెడీమేడ్ జవాబు దొరకదు. అందుకే ఈ శీర్షిక ఆపకండి. వచ్చిన తప్పు జవాబుల్లో సరదాగా ఉన్నవి కూడా అచ్చువెయ్యండి, రాసినవారికీ పిల్లల ఆలోచన ఎటు పోతోందో తెలుస్తుంది.

ఈ వారం పొడుపుకథకు మా అపార్ట్‌మెంట్ పిల్లలు చెప్పిన జవాబులన్నీ దీంతోపాటు పంపుతున్నాను. వాటిలో సరైనది ఉందో లేదో మాత్రం ఆదివారం దాకా నాకు కూడా చెప్పకండి.

– ఒక గేమ్ డిజైనర్, మొగల్రాజపురం, విజయవాడ