టికెట్ కావాలా? ఓడిన జట్టు వచ్చేదాకా ఆగండి

సంపాదకులు గారికి,

మార్చి వచ్చిందంటే అమెరికాలో ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే అడుగుడు: "మ్యాచ్ ఎల్లుండే, టికెట్లు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?" ఎన్‌సీఏఏ కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీకి టికెట్ అసలే దొరకకపోవడం అరుదు. ఏ పూట కొనాలో తెలియక ఎక్కువ పోసి కొనడమే తరచు జరిగేది. మన పత్రికలు ఎవరు గెలిచారో రాస్తాయి గానీ ఆ టికెట్ సంగతి రాయవు. అందుకే ఈ ఉత్తరం.

అక్కడ టికెట్ మ్యాచ్‌కు కాదు, సెషన్‌కు. పురుషుల టోర్నీ మొదటి వారాంతంలో ఒక్కో ఊళ్లో ఎనిమిది జట్లు దిగుతాయి. గురువారమో శుక్రవారమో నాలుగు మ్యాచ్‌లు ఉంటాయి. పగటి సెషన్‌లో రెండు, సాయంత్రం సెషన్‌లో రెండు. మధ్యలో హాలు ఖాళీ చేయిస్తారు కాబట్టి పగటి టికెట్‌తో సాయంత్రం దాకా కూర్చుందామంటే కుదరదు. ఒక రోజు విరామం తర్వాత గెలిచిన నాలుగు జట్లకు మూడో సెషన్, అందులో రెండు మ్యాచ్‌లు. ఏ జట్టు ఏ ఊరికో సెలెక్షన్ సండే, అంటే జట్ల జాబితా ప్రకటించే ఆదివారం సాయంత్రం తేలుతుంది. పగలా, రాత్రా అన్నది మాత్రం టీవీ వేళలు ఖరారయ్యాక గానీ తెలియదు. ఈ రెండింటి మధ్య ఆత్రపడి కొన్నవాళ్లకు తమ జట్టు లేని సెషన్ అంటగట్టుకునే యోగం పడుతుంది. ఇంకొకటి: సెషన్‌లో రెండో మ్యాచ్‌కు వేసిన వేళ నమ్మదగ్గది కాదు. మొదటిది ముగిశాక సుమారు అరగంటకు అది మొదలవుతుంది. మొదటిది సమమై ఓవర్‌టైమ్‌కు పోతే ఇదీ వెనక్కి జరుగుతుంది. తిరుగు బస్సు బుక్ చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ధర విషయంలో సెలెక్షన్ సండే రాత్రి అంత చెడ్డ ముహూర్తం లేదు. కారులో వచ్చేంత దూరంలో ఉన్న జట్టు ఆ ఊరికి పడిందంటే దాని అభిమానులంతా ఒకేసారి ఎగబడతారు. అసలు కీలకం ఓడినవాళ్ల దగ్గర ఉంది. చాలామంది మూడు సెషన్లకూ కలిపి ముందే కొంటారు. గురువారం రాత్రికి ఎనిమిది జట్లలో నాలుగు ఇంటిదారి పడతాయి. ఆ నాలుగు జట్లవాళ్ల చేతిలో శనివారం టికెట్లు మిగిలిపోతాయి. వాళ్లు విమానాశ్రయంలో కూర్చునే వాటిని రీసేల్‌కు పెడతారు. కనుక శనివారం సెషన్‌కు శుక్రవారం వెతకడం మేలు. చివరి నాలుగు జట్లు తలపడే ఫైనల్ ఫోర్‌కూ ఇదే లెక్క: శనివారం రెండు సెమీఫైనల్స్ అయ్యేసరికి రెండు జట్ల అభిమానులకు సోమవారం ఫైనల్‌తో పని ఉండదు. ఆదివారం చూడండి. ఈ సూత్రం బెడిసేది ఒక్క సందర్భంలోనే. గెలిచి నిలిచింది దగ్గరి జట్టయితే, ఓడినవాళ్లు అమ్మినవన్నీ దాని అభిమానులు ఇట్టే ఎగరేసుకుపోతారు. అప్పుడు ఆగినకొద్దీ నష్టం.

జంట సీట్లకు గిరాకీ ఎక్కువ. విడిగా మిగిలిన ఒంటి సీటు తక్కువకు వస్తుంది. నలుగురు వెళ్తుంటే నాలుగూ ఒకే వరుసలో కావాలని పట్టుబట్టకుండా రెండేసి చొప్పున వెతకండి. ఫైనల్ ఫోర్ జరిగేది అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే పెద్ద స్టేడియాల్లో. 2027లో డెట్రాయిట్‌లోని ఫోర్డ్ ఫీల్డ్, 2028లో లాస్ వేగాస్‌లోని అలీజియంట్ స్టేడియం. మైదానం నడుమ కోర్టు వేస్తారు కనుక పై అంతస్తు నుంచి ఆటగాళ్లు చీమల్లా కనిపిస్తారు. సందడి కోసమైతే సరే, ఆట చూడాలంటే మొదటి వారాంతపు అరీనాయే నయం.

టికెట్లమ్మే సైట్లో మొదట కనిపించే ధరలోనే తప్పనిసరి ఫీజులన్నీ కలిపి చూపాలని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన 2025 మే 12 నుంచి అమల్లో ఉంది. పన్ను విడిగా పడవచ్చు. చివరి రోజున కొనేటప్పుడు ధరకంటే ముందు చూడాల్సింది టికెట్ ఎప్పుడు అందుతుందన్న గడి. తక్షణం అందుతుందని ఉన్నవే తీసుకోండి. వరుస నంబరు లేకుండా ఫలానా భాగంలో ఎక్కడో అని పెట్టినవి అమ్మేవాడి చేతికి ఇంకా రాని టికెట్లు కావచ్చు. వాటి జోలికి వెళ్లకండి.

వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపి జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సర్వీసు) డబ్బు అడిగితే కొననే కొనకండి. ఇప్పటి మొబైల్ టికెట్లలో చాలావాటి బార్‌కోడ్ క్షణక్షణం మారుతుంది, స్క్రీన్‌షాట్ గేటు దగ్గర పనిచేయదు. జెల్‌లో పంపిన డబ్బు చేతికిచ్చిన నగదుతో సమానం, వెనక్కి రాబట్టడం గగనం. అమ్మేది తెలిసినవాడే అయినా టికెట్ యాప్‌లోంచి మీ ఈమెయిల్‌కు ట్రాన్స్‌ఫర్ చేయించుకుని, అది మీ ఖాతాలో కనిపించాకే చెల్లించండి. ముక్కూమొహం తెలియనివాడైతే క్రెడిట్ కార్డు ఒప్పుకునే రీసేల్ సైటే శరణ్యం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల ఫోన్లలోకి టికెట్లు పంపాలని తంటాలు పడనక్కర్లేదు. అన్నీ ఒకే ఫోన్‌లో ఉంచుకుని గేటు దగ్గర ఒక్కొక్కటి జరుపుతూ స్కాన్ చేయిస్తే చాలు. కాకపోతే గేటు దగ్గర వేలమంది మధ్య నెట్ సరిగా రాదు. ఇంట్లోనే టికెట్లను ఫోన్‌లోని వ్యాలెట్ యాప్‌లో వేసుకుని బయల్దేరండి.

ఇవన్నీ తలనొప్పి అనుకునేవాళ్లు మహిళల టోర్నీ చూడాలి. ఎందుకో మనవాళ్లు దాన్ని లెక్కలోకే తీసుకోరు. మొదటి రెండు రౌండ్లు మేటి 16 జట్ల సొంత క్యాంపస్‌లలోనే జరుగుతాయి. ఆతిథ్యం ఎవరిదో టోర్నీ దగ్గరపడేదాకా తేలదు కాబట్టి నెలల ముందే కొని దాచినవాళ్లు ఉండరు. అందరికీ అది చివరి నిమిషమే. సీజన్ టికెట్లున్నవాళ్ల వంతయ్యాక మిగిలినవి ఆ యూనివర్సిటీ టికెట్ ఆఫీసే అమ్ముతుంది. సోమవారం ఉదయమే వాళ్ల వెబ్‌సైట్ చూస్తే రీసేల్ బేరం తప్పుతుంది.

బ్యాగు పారదర్శకంగా, 12 అంగుళాల పొడవు, 6 వెడల్పు, 12 ఎత్తు మించకుండా ఉండాలి. కాలేజీ బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని వచ్చినవాళ్లను గేటు దగ్గరే ఆపేస్తారు.

ఇట్లు,
ఒక పాఠకుడు
కొలంబస్, ఒహాయో