మన చెరువు సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడు పురుగుల సంగతే ఎక్కువ

సభ్యులందరికీ నమస్కారం అండి. చందాల లెక్క మొన్న మీటింగులోనే చదివేశాం, పుస్తకం కోశాధికారి గారి దగ్గరుంది, ఎవరైనా చూసుకోవచ్చు. ఈ ఏడు మన పనంతా రెండు నీళ్ళ దగ్గరే జరిగింది, పాత మంచినీళ్ళ చెరువు, గుడి వెనక కొత్త గుంట.

కాలువలు కట్టేసినప్పుడు ఆ గుంట తవ్వాం కదా, కాలవొచ్చి నీళ్ళు పెట్టిన నాలుగు రోజులకే అందులో పురుగులు తిరుగుతున్నాయి. ఎవరు తెచ్చి వేశారని పిల్లలు ఒకటే అడగడం. ఎవరూ తేలేదు, ఎగిరొచ్చాయి. నీళ్ళ మీద పడి తిరిగొచ్చే వెలుతురు తీరు వేరుగా ఉంటుంది, అది వీటి కళ్ళకి తెలుస్తుంది, పైనుంచి చూసి దిగిపోతాయి, ఒక్కోసారి మెరిసే కారు టాపుని కూడా నీళ్ళనుకుని దాని మీద పడతాయి పాపం.

ఆదివారాలు పిల్లల్ని వెంటేసుకుని చేతి వల, తెల్ల పళ్ళెం పట్టుకెళ్ళి చూశాం. పాత చెరువుకి మూడు పక్కలా సిమెంటు గోడ, పడమట మాత్రం మట్టి గట్టు, గడ్డి, తూటికాడ. గోడల దగ్గర నీళ్ళ మీద నడిచే పురుగులు తప్ప పెద్దగా ఏం దొరకలేదు, అదే పడమటి గట్టున వల వేస్తే పళ్ళెం అంతా కదిలిపోయింది, నీటి తేళ్ళు, వెల్లకిలా ఈదేవి, రెక్కల కింద గాలి దాచుకుని మునిగే నల్ల పురుగులు, వీపు నిండా గుడ్లు మోసే మగ పురుగు కూడా (ఆడది దాని వీపు మీదే పెట్టి పోతుంది, పిల్లలయ్యేదాకా మోత మగదానిదే). తూనీగ పిల్లలు కూడా అక్కడే ఉన్నాయి. కింది పెదవి మడిచి పెట్టుకుని ఉంటాయి, దోమ పిల్ల దగ్గరికొస్తే చెయ్యి చాపినట్టు విసిరి లాగేస్తాయి. రెక్కలొచ్చే వేళకి ఏదో కాడ పట్టుకుని నీళ్ళ పైకి ఎక్కాలి, నున్నటి గోడకి ఆ పట్టు దొరకదు.

ఇంకోటి దాచకుండా రాయాలి. వానలప్పుడు దోమలెక్కువయ్యాయని కొత్త గుంటలో కాలిన ఆయిలు పోయించాం, ఆ తీర్మానం మీద నా సంతకం కూడా ఉంది, తప్పు చేశాం. చేపపిల్లల నర్సరీలో పురుగులు పిల్లల్ని తినేస్తాయని సబ్బు, నూనె కలిపి చల్లుతారు, మనలో చెరువులున్నోళ్ళకి తెలిసిందే, పైకొచ్చి గాలి పీల్చేవన్నీ ఆ పొర కింద ఊపిరాడక పోతాయి. ఇక్కడా అదే అయ్యింది, దోమ పిల్లలతో పాటు వాటిని తినేవి కూడా పోయాయి. ఈ వేడికి దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా వారం పది రోజుల్లో అయిపోతుంది, తూనీగకి ఎంత త్వరగా అన్నా నెల దాటుతుంది, కొన్నిటికి నెలలే. అందుకే దోమలు ముందు తిరిగొచ్చాయి, తూనీగ పిల్ల మళ్ళీ కార్తీకంలో గానీ పళ్ళెంలో కనపడలేదు.

వచ్చే ఏడు ఆయిలు పొయ్యం, దోమ పిల్లల్ని తింటాయని వేసే గంబూసియా చేపలు కూడా వెయ్యొద్దని నా మాట, అవి దోమ పిల్లల్తో ఆగవు, తూనీగ పిల్లల్ని కూడా తింటాయి. గుర్రపుడెక్క మాత్రం తీయాల్సిందే, నీళ్ళు మొత్తం కప్పేస్తుంది. ఎండాకాలం పూడిక తీసేటప్పుడు పొక్లెయిన్ డ్రైవరుకి పడమటి గట్టు ముట్టుకోవద్దని ముందే చెప్తాం, ఆ రోజు పొద్దున్నే ఇద్దరు ముగ్గురు సభ్యులొచ్చి గట్టు మీద నిలబడండి.