రేగడి మీద వెయ్యి కిలోమీటర్లు

గుంటూరు,
ఆదివారం పొద్దున

అమ్మలూ,

మొన్న ఫోన్లో బాగా విసుక్కున్నావు. "మోరీ నుంచి నారబ్రై వంద కిలోమీటర్లు నాన్నా, అందులో మూడుచోట్ల ఆపారు. ఈ రోడ్డు ఎప్పుడూ తవ్వుతూనే ఉంటారు, బాగుపడేది మాత్రం లేదు" అన్నావు. నేను జవాబు చెప్పబోయేలోపు మీ అమ్మ ఫోను లాక్కుని కందిపొడి అందిందా లేదా అని మొదలుపెట్టింది. ఇక నా మాట సాగలేదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. పైవాటాలో ఉండే కుర్రాడు ఫోటోలు తీసి నీకు పంపిస్తానన్నాడు. నా అక్షరాలు అర్థం కాకపోతే అది నా తప్పు కాదు, రోడ్ల ఇంజినీరుగా ముప్పై నాలుగేళ్ళు ఎం బుక్కులు, అదే పని కొలతల పుస్తకాలు, రాసి రాసి చేయి అలా అయిపోయింది.

నీకు ఆస్ట్రేలియాలో మోరీ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు గుర్తుందా? హైదరాబాదు పిన్ని పడీపడీ నవ్వింది. "పోయి పోయి మోరీలోనా!" అని. రోడ్ల వాణ్ణి కాబట్టి నాకు మాత్రం నవ్వు రాలేదు. మోరీ సరిగా లేకే సగం రోడ్లు పోతాయి. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

జూన్‌లో మనం మెల్‌బోర్న్ నుంచి బయల్దేరి టొకమ్వల్ దగ్గర మర్రీ నది దాటినప్పుడు, "ఇక్కణ్ణుంచి న్యూవెల్ హైవే, గూండివిండీ దాకా ఇదే" అన్నావు. ఎంత దూరమని అడిగితే సుమారు 1,060 కిలోమీటర్లన్నావు. ఆ రాత్రి ఫోర్బ్స్‌లో హోటల్ గదిలో నువ్వు నిద్రపోయాక ఆ న్యూవెల్ ఎవరా అని ఫోన్లో వెతికాను. ఏ గవర్నరో, ఏ రాజుగారి బావమరిదో అనుకున్నా. కాదు. హెచ్.హెచ్. న్యూవెల్, న్యూ సౌత్ వేల్స్ మెయిన్ రోడ్స్ కమిషనరు. మన భాషలో చెప్పాలంటే చీఫ్ ఇంజినీరు. 1938లో ఈ రోడ్డుకు ఆయన పేరు పెట్టారు. ఒక ఇంజినీరు పేరు వెయ్యి కిలోమీటర్ల రోడ్డుకు! మా ఆఫీసులో రిటైరైన ఇంజినీరుకు శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి పంపేవాళ్ళు.

అప్పటిదాకా ఆ రాష్ట్రంలో పెద్ద రోడ్లు చాలావరకు సిడ్నీ వైపు పోయేవే. ఈ రోడ్డు మాత్రం ఊరూరికీ ఉన్న పాత బాటల్ని ఒకదానికొకటి ముడివేసుకుంటూ, సిడ్నీ ముఖం చూడకుండా, దక్షిణం నుంచి ఉత్తరానికి లోపలి నుంచే పోతుంది. మెల్‌బోర్న్‌లో సరుకెత్తుకున్న లారీ బ్రిస్బేన్‌లో దించాలంటే దీని మీదే పడాలి. అందుకే నీ కారు ముందు ఎప్పుడు చూసినా ట్రైలర్లు తగిలించిన ఆ పొడవాటి లారీలు, రోడ్ ట్రైన్లు. ఒక్కోటి 36.5 మీటర్ల దాకా ఉంటుందని పెట్రోలు బంకులో డ్రైవరు చెప్పాడు. మన ఇంటి సందు మొత్తం కలిపినా అంత ఉండదు.

జెరిల్డరీలో కాఫీకి ఆగినప్పుడు నువ్వు నెడ్ కెల్లీ అనే బందిపోటు కథ చెప్పావు. 1879లో ఆ దొంగల ముఠా ఊళ్ళోకి వచ్చి, పోలీసుల్ని వాళ్ళ లాకప్‌లోనే పెట్టి, వాళ్ళ యూనిఫారాలే తొడుక్కుని తిరిగి, బ్యాంకు దోచుకోవడం. కెల్లీ తన మీద జరిగిన అన్యాయాలన్నీ ఏకరువు పెడుతూ దాదాపు ఎనిమిది వేల మాటల ఉత్తరం ఒకటి వదిలిపెట్టాడట. నాది అంత పొడవు కాదులే, భయపడకు. కానీ నాకు ఆ ఊళ్ళో నచ్చిన మనిషి వేరే ఉన్నాడు. వాళ్ళ వంద డాలర్ల నోటు మీద ఉన్న జాన్ మోనాష్ చిన్నతనంలో ఆ ఊళ్ళోనే ఉన్నాడు, వాళ్ళ నాన్న దుకాణం నడిపేవాడు. అందరికీ ఆయన సైన్యాధిపతిగా తెలుసు. అంతకుముందు సివిల్ ఇంజినీరు. ఆ దేశంలో కాంక్రీటులో ఇనుము పెట్టి వంతెనలు కట్టడం మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు. ఇది చెబుదామని నోరు తెరిచేసరికి నువ్వు బిల్లు కట్టడానికి లేచావు.

వెస్ట్ వ్యాలాంగ్ మెయిన్ రోడ్డు వంకర చూసి నవ్వుకున్నాం కదా. బంగారం కోసం జనం ఎగబడ్డ రోజుల్లో ఎద్దుబండ్లు చెట్లను తప్పించుకుంటూ పోయిన బాట మీదే ఊరు కట్టేశారట. ఎద్దు చేసిన అలైన్‌మెంటు. మన పల్లెల్లో సగం రోడ్లకు డిజైన్ ఇంజినీరు ఎద్దే.

పార్క్స్‌లో ఆ 64 మీటర్ల రేడియో టెలిస్కోపు పళ్ళెం దగ్గర నువ్వు ఫోటోలు దిగావు. 1961 నుంచి పనిచేస్తోంది, చంద్రుడి మీద మనిషి అడుగుపెట్టిన బొమ్మలు ప్రపంచానికి అందించినవాటిలో అదొకటి. చుట్టూ గొర్రెలు మేస్తున్నాయి. నాకు ఆ గొర్రెలే బాగా గుర్తున్నాయి. డబ్బో జంతుప్రదర్శనశాల సంగతి రాయను. జిరాఫీని చూడటానికి ఆరు కిలోమీటర్లు నడిపించావు, మోకాళ్ళు ఇంకా గుర్తుచేస్తున్నాయి. గిల్గాండ్రాలో మాత్రం ఒక్క బోర్డు దగ్గర ఆగాను. 1915లో అక్కణ్ణుంచి కొద్దిమంది మొదటి ప్రపంచ యుద్ధంలో చేరతామని సిడ్నీకి కాలినడకన బయల్దేరారు. దారి పొడవునా "కూ-ఈ" అని కేకలేస్తూ పోయారట. సిడ్నీ చేరేసరికి 263 మంది అయ్యారు. ఇళ్ళకు తిరిగొచ్చినవాళ్ళు ఎందరన్నది ఆ బోర్డులో నాకు కనబడలేదు.

కూనబరాబ్రాన్ వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన గ్రహాల బొమ్మలు ఒక్కొక్కటే ఎదురయ్యాయి. సైడింగ్ స్ప్రింగ్ కొండ మీది టెలిస్కోపు గుమ్మటమే సూర్యుడని లెక్కవేసి, అదే కొలతలో దూరాలు పెట్టారు. వంద కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి ఎంతసేపు పట్టిందో! మీ అమ్మ వెనక సీట్లోంచి "మన శని ఇంకా రాలేదా" అని అడిగింది. ఆ రాత్రి బయట నిలబడి ఆకాశం చూశాం. ఎముకలు కొరికే చలి. అన్నేసి చుక్కలు మా చిన్నప్పుడు, ఊరికి కరెంటు రాకముందు, కళ్ళంలో పడుకుని చూశాను. మళ్ళీ అక్కడే అన్నేసి కనిపించాయి.

ఇప్పుడు అసలు సంగతి. పిలిగా అడవి దాటి నారబ్రై చేరేదాకా నేల ఎర్రగా, ఇసుకగా ఉంది. నారబ్రై దాటాక ఒక్కసారి నల్లగా మారింది. రోడ్డు పక్కన కంచెలకు దూది పోగులు చిక్కుకుని ఉన్నాయి. చేలల్లో పసుపు ప్లాస్టిక్ చుట్టిన గుండ్రటి పత్తి మూటలు, ఒక్కోటి మన పాలబూత్ అంత. నేను కిటికీ దించాను. చలి కొడుతోందని నువ్వు మళ్ళీ ఎక్కించావు. అమ్మలూ, అది నల్లరేగడి. మన పర్చూరు రేగడి ఎలా ఉంటుందో అచ్చం అలాగే. 1961లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఇద్దరు రైతులు ఆ పక్కనే వీ వా దగ్గర పత్తి వేశారని, అక్కణ్ణుంచే ఆ ప్రాంతమంతా పత్తి అయిందని నువ్వే చెప్పావు. ఆ నేలను చూస్తే పత్తి వెయ్యాలని ఎవరికైనా అనిపిస్తుంది. రోడ్డు వెయ్యాలని మాత్రం ఏ ఇంజినీరుకూ అనిపించదు.

అక్కడే కదా మనల్ని ఆపింది. స్టాప్ పలక పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఇరవై నిమిషాలు. నువ్వు స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తున్నావు. నేను దిగి గట్టు పక్కన మట్టి చిటికెడు తీసి, ఉమ్మి తడిపి, వేళ్ళ మధ్య నలిపి చూశాను. "నాన్నా, పరువు తీస్తున్నావు, లోపలికి రా" అన్నావు. ఆ అమ్మాయి మాత్రం నవ్వింది.

రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని బీటలు వారుతుంది. మనూళ్ళో వేసవిలో ఆ బీటల్లో చెంబు పడితే తీయలేకపోయేవాళ్ళం. దాని మీద తారు రోడ్డు వేస్తే ఏమవుతుందో చూడు. నడిమధ్యన తారు కప్పు ఉంటుంది కాబట్టి లోపలి తేమ పెద్దగా మారదు. అంచుల దగ్గర మాత్రం వానకు తడుస్తుంది, ఎండకు ఎండుతుంది. మధ్య కదలదు, అంచులు లేస్తూ దిగుతూ ఉంటాయి. రెండు మూడేళ్ళకు రోడ్డు పొడవునా చీలిక వస్తుంది. ఆ చీలికలోంచి నీళ్ళు లోపలికి దిగుతాయి. ఇక చూసుకో. దాని మీద ఆ లారీలు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు తగిలే దెబ్బ రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లు. నీ కారు లాంటివి ఎన్ని వేలు పోయినా ఒక్క రోడ్ ట్రైన్ చేసిన పని చేయలేవు.

పైగా ఆ నేల బల్లపరుపు. వరదొస్తే నీళ్ళు పారవు, కిలోమీటర్ల కొద్దీ పరుచుకుని నిలబడతాయి. రోడ్డు ఎత్తు పెంచితే మునగదు కదా అంటావు. ఎత్తు పెంచితే అది రోడ్డు కాదు, ఆనకట్ట. పైవైపు రైతు మునిగి మన మీద కేసు వేస్తాడు. అందుకని కొన్నిచోట్ల నీళ్ళు రోడ్డు మీదుగా పోవడానికి చప్టాలు వదిలేస్తారు, కొన్నిచోట్ల వరసగా కల్వర్టులు పెడతారు. చెప్పానా, అంతా మోరీల్లోనే ఉంది. 2016 వరదల్లో వెస్ట్ వ్యాలాంగ్, ఫోర్బ్స్ మధ్య వారాల తరబడి రాకపోకలు ఆగిపోయాయి. 2022 నవంబరులో ఫోర్బ్స్ మళ్ళీ మునిగింది.

అందుకే తవ్వుతున్నారు. ఆ పని కాస్త పరిశీలనగా చూశాను. పైపైన తారు పూసి పోవడం లేదు. కింది దాకా తీసి, లారీల బరువు మోసేలా మందంగా మళ్ళీ కడుతున్నారు. దారి మొత్తం మీద సుమారు 40 చోట్ల ఓవర్‌టేకింగ్ లేన్లు కలిపే పథకం కూడా పెట్టుకున్నారట. ఇరవై నిమిషాలు ఆపారా? ఇంకో ఇరవై ఆపినా నేను కూర్చుంటాను.

ఇలా ఎందుకంటున్నానో నీకు ఎప్పుడూ చెప్పలేదు. నేను ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా, చేరిన మూడో ఏడు, పర్చూరు దగ్గర రెండు ఊళ్ళ మధ్య నాలుగు కిలోమీటర్ల రోడ్డు నా చేతి కింద పడింది. రేగడి మీద తొమ్మిది అంగుళాల గ్రావెల్ పరవాలని ఎస్టిమేటు. కాంట్రాక్టరు ఆరు పరిచాడు. కొలవడానికి వెళ్తే తను తవ్వి ఉంచిన గుంటలే చూపించాడు. వాటిలో తొమ్మిది ఉంది. ఇంకోచోట తవ్వమని అనాలి. అనలేదు. మధ్యాహ్నమైంది, ఎండ మండిపోతోంది, మీ అమ్మకు అప్పుడు ఏడో నెల, గుంటూరు బస్సు పట్టుకోవాలి. ఎం బుక్కులో సంతకం పెట్టి వచ్చేశాను. మరుసటి అక్టోబరు వానలకు రోడ్డు ఉబ్బి, అంచు జారింది. పత్తి బోరాలతో పోతున్న ట్రాక్టరు పక్కకు ఒరిగి పడిపోయింది. తోలే అబ్బాయికి కాలు విరిగింది. పంతొమ్మిదేళ్ళు. ఆసుపత్రికి వెళ్ళి చూశాను. ఆ అబ్బాయి నన్ను చూసి మంచం మీంచి లేవబోయాడు, "ఇంజినీరుగారు వచ్చారు" అని. విచారణలో వానల వల్ల అని రాసి మూసేశారు. నా మీదికి ఏదీ రాలేదు.

ఆ తర్వాత నేను ఎప్పుడూ ఎవరో తవ్విన గుంట కొలవలేదు. నాకు ఇష్టమైనచోట గుంట తవ్వించేవాణ్ణి. అందుకే ఆఫీసులో నన్ను "గుంటల ఇంజినీరు" అనేవాళ్ళు. మీ స్కూల్లో కూడా ఎవడో అలా పిలిచాడని నువ్వు ఏడుస్తూ వచ్చావు ఒకసారి. పేరు ఎలా వచ్చిందో అప్పుడు చెప్పలేకపోయాను.

మోరీలో ఆ వేడినీళ్ళ కొలను దగ్గర మనం ఒక సాయంత్రం కూర్చున్నాం. 1895లో సాగునీటి కోసం బోరు వేస్తే 41 డిగ్రీల వేడి నీళ్ళు వచ్చాయని, పంటకు పనికిరాక స్నానాలకు వదిలేశారని చెప్పావు. ఆ ఊరి ఈత కొలనులోకే ఒకప్పుడు ఆదివాసీ పిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదనీ, 1965లో చార్లెస్ పెర్కిన్స్ అనే ఆదివాసీ విద్యార్థి సిడ్నీ యూనివర్సిటీ పిల్లలతో బస్సులో వచ్చి, ఆ పిల్లల్ని తీసుకుని గేటు దగ్గర నిలబడ్డాడనీ కూడా నువ్వే చెప్పావు. మా ఊళ్ళో బావి గట్టున ఎవరు ఎక్కడ నిలబడాలో నాకు చిన్నప్పుడే తెలుసు. ఎవరూ చెప్పకుండానే తెలిసేది. ఆ మాట అక్కడ నీళ్ళలో కూర్చుని అనబుద్ధి కాలేదు.

సరే, చివరగా ఒక పని పెడుతున్నా. మళ్ళీ నారబ్రై వెళ్ళినప్పుడు నీళ్ళ సీసా సగం నింపి, గేరు పక్కన గుంటలో పెట్టు. కొత్తగా వేసినచోట, పాతచోట, రెండు చోట్లా నీళ్ళు ఎలా ఊగుతున్నాయో చూడాలి. డ్రైవింగ్ చేస్తూ నువ్వు చూడకు. నీతో వచ్చే ఆ కేరళ అమ్మాయిని ఫోన్లో వీడియో తీయమను. చీకటి పడేలోపు ఇల్లు చేరు, ఆ కంగారూలు అప్పుడే రోడ్డెక్కుతాయి. వీడియోలో కిలోమీటరు బోర్డు కనబడాలి, లేకపోతే ఏ ముక్క ఎక్కడిదో నాకు తెలియదు.

మీ అమ్మ పక్కన నిలబడి అడుగుతోంది, కందిపొడి అందిందా లేదా అని.

నాన్న