వంశవృక్షం పంపే ముందు బతికున్నవారిని అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారములు. పెద్దలను కూర్చోబెట్టి అడిగి, తెలిసిన పేర్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, ఆ వంశవృక్షాన్ని బంధువులందరికీ పంపించే ఉత్సాహం ఈమధ్య చాలా కుటుంబాల్లో కనిపిస్తోంది. నేనూ ఆ పని చేసినదాన్నే. ఏడాదిన్నరపాటు పోగుచేసిన మూడువందల పైచిలుకు పేర్లున్న ఫైలును ఒక రాత్రి మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టి, అందరూ మెచ్చుకుంటారనుకుంటూ పడుకున్నాను. తెల్లవారుతూనే వచ్చిన మొదటి ఫోను మా పిన్నిది. "నా పుట్టిన తేదీ అందరికీ చెప్పమని నీతో ఎవరన్నారమ్మా?" అని ఆవిడ అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అంతకన్నా పెద్ద పొరపాటు అదే ఫైలులో ఇంకొకటి ఉంది. మా బంధువుల్లో ఒకాయనకు పూర్వం ఒక పెళ్లి జరిగి విడిపోయిన సంగతిని, ఆయన పిల్లలకు కూడా తెలియనిదాన్ని, ఎవరో చెప్పగా నేను వివరాల గడిలో రాసిపెట్టుకున్నాను. పంపేటప్పుడు ఆ గడి గుర్తే రాలేదు.

వంశవృక్షాలను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకొకదానికి చేరవేయడానికి 1984లో వచ్చిన జెడ్‌కామ్ అనే పద్ధతినే ఇప్పటికీ ఎక్కువమంది వాడుతున్నారు. అది నిజానికి మామూలు అక్షరాల ఫైలు. ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఎవరైనా చదువుకోవచ్చు. తెరమీద కొమ్మలూ రెమ్మలూ మాత్రమే కనిపిస్తున్నా, మనం రాసుకున్న గమనికలన్నీ ఆ ఫైలు వెంట వెళ్లిపోతాయి. వెళ్లవలసినవి మాత్రం ఒక్కోసారి వెళ్లవు: పాత జెడ్‌కామ్‌లో ఫొటోల బదులు అవి మన కంప్యూటరులో ఎక్కడున్నాయో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది కాబట్టి, అందుకున్నవారికి తాతగారి ముఖం ఉండవలసిన చోట ఖాళీ గడి కనిపిస్తుంది. (దాచేటప్పుడు తెలుగు అక్షరాలను చెడకుండా ఉంచే యూటీఎఫ్-8 అనే పద్ధతిని ఎంచుకోకపోవడం వల్ల నా మొదటి ఫైలులో తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోయాయి. దాన్ని అలాగే పంపి ఉంటే ఈ గొడవే ఉండేది కాదేమో.)

దీనికి ఉపాయం లేకపోలేదు. ఉచితంగా దొరికే గ్రాంప్స్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఫైలును బయటికి తీసేటప్పుడే, జీవించి ఉన్నవారిని పూర్తిగా వదిలేయాలా, పేరు మాత్రం ఉంచాలా అని అడుగుతుంది. రహస్యమని మనం గుర్తు పెట్టిన వివరాలను కూడా పక్కన పెడుతుంది. అయితే ఎవరు జీవించి ఉన్నారో తేల్చడానికి అది పుట్టిన, మరణించిన తేదీల మీద ఆధారపడుతుంది. తేదీలు సరిగా లేని చోట దాని అంచనా తప్పవచ్చు కనుక, పంపే ముందు ఆ జాబితాను ఒకసారి మన కళ్లతో చూసుకోవడం మంచిది. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులోని ఉమ్మడి వృక్షంలోనూ ఈ విభజన ఉంది. గతించినవారి పేజీని ఖాతా ఉన్న ఎవరైనా చూడవచ్చు, దిద్దవచ్చు. జీవించి ఉన్నవారి పేజీ సాధారణంగా దాన్ని చేర్చినవారికే కనిపిస్తుంది.

"మన వాళ్ల దగ్గరే కదా ఉండేది" అనే మాట నాతో చాలామంది అన్నారు. 2023లో 23అండ్‌మీ అనే జన్యుపరీక్షల సంస్థలో జరిగిన చోరీని వారు ఒకసారి గమనించాలి. వేరే చోట్ల వాడిన పాస్‌వర్డ్‌నే అక్కడా పెట్టుకున్న సుమారు 14 వేల మంది ఖాతాల్లోకి దొంగలు నేరుగా చొరబడ్డారు. కానీ బంధువులతో వివరాలు పంచుకునే సదుపాయాల ద్వారా వారి చేతికి చిక్కినది సుమారు 69 లక్షల మంది సమాచారం. మనం ఎంత జాగ్రత్తగా ఉన్నా, మన వివరాలున్న బంధువు పాస్‌వర్డ్ బలహీనమైతే చాలునన్నమాట. తల్లి పుట్టింటి పేరు, పుట్టిన తేదీ వంటివాటినే భద్రతా ప్రశ్నలుగా అడిగే చోట్లు ఇంకా ఉన్నాయి. వంశవృక్షంలో ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి.

అందుచేత ఫైలు కన్నా, చూడటానికి మాత్రమే వీలుండే లింకు ఇవ్వడం మేలని నా అభిప్రాయం. లింకును ఎప్పుడైనా రద్దు చేయవచ్చు, తప్పు దిద్దితే అందరికీ ఒకేసారి కనిపిస్తుంది. ఫైలు మాత్రం చేయి దాటితే దాటినట్టే. దిద్దే అధికారం ఇద్దరు ముగ్గురికి మించి ఇవ్వకపోవడమూ అవసరం. మా నాయనమ్మను ఇద్దరు వేర్వేరుగా చేర్చడంతో, రెండు పుట్టిన సంవత్సరాలతో ఆవిడ మా వృక్షంలో కొన్నాళ్లు ఇద్దరు మనుషులుగా ఉన్నారు.

నేను ఆ ఫైలును గ్రూపులోంచి తొలగించేలోపే పదకొండు మంది దించుకున్నారు. ఒక్కొక్కరికీ ఫోను చేసి తీసేయమని కోరాను, తొమ్మిదిమంది తీసేశామన్నారు. కొత్త ప్రతి తయారుచేసే ముందు జీవించి ఉన్న పెద్దవారందరినీ, పిల్లల విషయంలో వారి తల్లిదండ్రులనూ, ఏది ఉంచాలో ఏది తీయాలో విడివిడిగా అడిగాను. దానికి నెల పట్టింది. పిన్ని అంతా విని, "సంవత్సరం ఉంచు, తేదీ తీసెయ్యి. పెళ్లినాటి ఫొటో మాత్రం నేనిచ్చిందే పెట్టు" అన్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు