ఆల్టన్‌లో ఆ గిడ్డంగి ఇప్పుడు లేదు

సెయింట్ లూయిస్

నాన్నగారికి నమస్కారాలు.

మీరు ఏళ్ల తరబడి కంపోజింగ్ చేసిన తెనాలి ప్రెస్సు కూల్చేశారని తమ్ముడు చెప్పాడు. ఆ రోజు మీరు అన్నం కూడా సరిగా తినలేదని అమ్మ అంది. ఫోన్‌లో ఏం మాట్లాడాలో తెలియక ఉత్తరం రాస్తున్నాను.

మాకు దగ్గర్లో, మిసిసిపీ నది అవతలి ఒడ్డున ఆల్టన్ అని చిన్న ఊరుంది. అది ఇలినాయి రాష్ట్రం. మన తెలుగు పిల్లలు చాలామంది చదువుకునే ఎడ్వర్డ్స్‌విల్ ఆ పక్కనే. ఆ ఊళ్లో ఒక పత్రిక కథ ఉంది. అచ్చుపని తెలిసిన మీకే చెప్పాలనిపించింది.

ఎలైజా లవ్‌జాయ్ అని ఒక పాస్టరు ఈ సెయింట్ లూయిస్‌లోనే పత్రిక నడిపేవాడు. 1836లో ఇక్కడ మెకింటోష్ అనే నల్లజాతి మనిషిని గుంపు చెట్టుకు కట్టి, బతికుండగానే తగలబెట్టింది. అది దారుణమని ఆయన రాశాడు. ఆయన ఆఫీసు మీద పడి ధ్వంసం చేశారు. అప్పట్లో సెయింట్ లూయిస్ ఉన్న మిస్సోరి రాష్ట్రంలో బానిసత్వం చట్టబద్ధం, ఇలినాయిలో కాదు. అందుకని నది దాటి ఆల్టన్ వెళ్లి 'ఆల్టన్ అబ్జర్వర్' పెట్టాడు.

బానిసత్వాన్ని సమర్థించే గుంపులు అక్కడా వదల్లేదు. మొదటి ప్రెస్సు రేవులో దిగీ దిగకముందే పగలగొట్టి నదిలో పడేశారు. ఊళ్లో కొందరు చందాలు వేసుకుని ఇంకోటి తెప్పించారు. 1837 ఆగస్టులో దాన్నీ పగలగొట్టారు. సెప్టెంబరులో మూడోదానికీ అదే గతి. నాన్నా, ఒక్క అక్షరాల కేసు, ఆ గళ్ల పెట్టె, కింద పడితేనే మీకు రెండు రోజుల పని పట్టేది కదా. వీళ్లు ప్రతిసారీ ఉత్త చేతులతో మొదలుపెట్టారు.

నాలుగోది ఒహాయో నుంచి నవంబరు 7 తెల్లవారుజామున వచ్చింది. గాడ్‌ఫ్రే, గిల్మన్ అనే వ్యాపారుల రాతి గిడ్డంగిలో దాచారు. ఆ రాత్రే గుంపు చుట్టుముట్టింది. గోడలు రాతివి గానీ కప్పు చెక్కది. నిచ్చెన వేసి నిప్పు పెట్టబోయారు. ఆ నిచ్చెన తోసేయడానికి బయటికొచ్చిన లవ్‌జాయ్‌కి ఐదు గుళ్లు తగిలి ప్రాణం పోయింది. తర్వాత ప్రెస్సుని కిటికీలోంచి కిందికి తోసి, ముక్కలు చేసి నదిలో వేశారు. తన 35వ పుట్టినరోజు నాడే ఆయన్ని గుర్తు కూడా పెట్టకుండా పూడ్చారు. 1838లో కోర్టులో ఎవరికీ శిక్ష పడలేదు. అది నాకిప్పటికీ మింగుడుపడదు.

1897లో ఆయనకి శ్మశానం దగ్గర ఎత్తైన స్తంభం కట్టారు. గిడ్డంగిని మాత్రం నిలపలేదు. ఆ గోడలే ఉంటే చూసేవాళ్లకి ఇంకా బాగా తెలిసేదని నా అభిప్రాయం. కానీ 1915లో ఆ ప్రెస్సు ఇనుప చట్రం ముక్క బయటపడింది. దాన్ని 'ఆల్టన్ టెలిగ్రాఫ్' పత్రిక వాళ్లు తమ ఆఫీసులో చాలాకాలం పెట్టుకున్నారు.

మీ ప్రెస్సులో చేతిమిషన్ ఏమైందో, పాత అక్షరాలు ఎవరైనా తీసుకున్నారో కనుక్కోండి. పాత ఇనుము కొట్టుకి చేరి ఉంటే తమ్ముణ్ణి వెంటనే పంపండి, డబ్బు నేను పంపిస్తాను. ఒక్క కేసు దొరికినా చాలు. వచ్చే వేసవికి మీ ఇద్దరికీ టికెట్లు చూస్తున్నాను, ఆల్టన్ నేనే తీసుకెళ్తాను. అమ్మ మోకాలి మందు మానకుండా చూడండి.

మీ అమ్మాయి