నడుము వాల్చే హక్కు

గుంటూరు

చిరంజీవి సుజాతకు అమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన కొత్త కథను రెండుసార్లు చదివాను. అయితే కథకన్నా దానితోపాటు నువ్వు రాసిన నాలుగు మాటలే నన్ను ఎక్కువ ఆలోచింపజేశాయి. సెలవు రోజున ఏ పనీ చేయకుండా మంచం మీద వాలి గడిపేస్తున్నానని, అది తలచుకుంటే తప్పు చేసినట్లుగా ఉంటోందని ఒక బాధ చెప్పుకున్నావు. ఏ కథ మొదలుపెట్టినా చివరకు అమ్మమ్మ వంటింట్లోకే చేరుతున్నానని, రాయడానికి మరొక వస్తువే లేదేమోనని ఇంకొక బాధ. ఇవి రెండు వేర్వేరు బాధలని నువ్వనుకుంటున్నావు కానీ, రెండింటి మూలమూ ఒక్కటేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

సోమరితనం మనిషి ఒంట్లోనే కాపురముండే శత్రువన్న భర్తృహరి మాటను ఎన్నో ఏళ్లు తరగతి గదిలో నేనే వివరించాను. తాను చేయవలసిన పనిని మరొకరి నెత్తిన వేసేవాడికి చెప్పిన మాటగానే దాన్ని ఈనాటికీ అర్థం చేసుకుంటాను. వారమంతా ఆఫీసులో తల వంచి పనిచేసి, ఆదివారం నాడు గోడ మీది బల్లిని చూస్తూ పడుకున్న పిల్లకు ఆ శ్లోకం వర్తించదు. ఫోను పట్టుకుని గంటలు గడపడం మాత్రం వేరే సంగతి. అందులో చేతికి విశ్రాంతి లేదు, కంటికి లేదు, మనసుకు అసలే లేదు.

అల్లసాని పెద్దన చెప్పినట్లుగా ప్రసిద్ధమైన చాటువు నీకు నోటికి వచ్చు. ఏ అడ్డంకీ లేని చోటు, ప్రియదూతిక తెచ్చి ఇచ్చే కర్పూర విడెం, మనసుకు నచ్చిన భోజనం, ఊయల మంచం, ఒప్పూ తప్పూ ఎంచగల రసజ్ఞులు, ఊహ తెలిసిన లేఖకులూ పాఠకులూ దొరికితే తప్ప ఊరికే కృతులు రచించమంటే సాధ్యమా అని ఆ కవి నిలదీశాడు. తీరిక కావాలని అడగడానికి ఆయన సిగ్గుపడలేదు. తాటాకు, గంటం ఎంత అవసరమో ఊయల మంచమూ అంతే అవసరమన్నట్లు అడిగాడు. ఆ పద్యమంటే నాకు చాలా ఇష్టం. కానీ చదివిన ప్రతిసారీ, ఆ భోజనం వండిన మనిషికి ఆ మధ్యాహ్నం ఎక్కడైనా కూర్చోవడానికి చోటు దొరికిందా అని అడగాలనిపిస్తుంది. 1932లో బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ తీరికను మెచ్చుకుంటూ రాసిన వ్యాసంలో, రోజుకు నాలుగు గంటల పని చాలునని వాదిస్తూనే, పూర్వం కొద్దిమంది అనుభవించిన తీరిక ఎక్కువమంది చాకిరీ మీద నిలబడిందని కూడా చెప్పాడు. మన ఇళ్లలో ఆ ఎక్కువమంది ఎవరో నీకు వేరే చెప్పనక్కరలేదు.

బ్రాడీపేట ఇంట్లో మీ అమ్మమ్మ మధ్యాహ్నపు నిద్ర నీకు గుర్తుండే ఉంటుంది. మిర్చి యార్డుకు కొత్త కాయలు వచ్చే రోజుల్లో, ఏడాదికి సరిపడా కారం కోసం తెప్పించిన మిరపకాయలను డాబా మీద ఎండబోసి, అందరి భోజనాలూ అయ్యాక చేట ముందు పెట్టుకుని తొడిమలు తీస్తూ కూర్చునేది. చేతుల మంట తగ్గడానికి మజ్జిగ రాసుకుని, దిండు కూడా లేకుండా వంటింటి గచ్చు మీద మోచేయి తలకింద పెట్టుకుని, "కాస్త నడుము వాల్చి లేస్తానమ్మా" అనేది. పడుకుంటాను అని ఆమె అనగా నేను వినలేదు. గేటు చప్పుడు కాగానే కొంగు సర్దుకుని లేచి కూర్చునేది, తాను పడుకుని ఉండగా ఎవరూ చూడకూడదన్నట్లుగా.

ఆదివారం నాడు నిన్ను పీడించే తప్పు భావన ఆ గేటు చప్పుడేనమ్మా. అది నీది కాదు, నీకు సంక్రమించింది. పనిలో ఉన్నంతసేపూ మనసు ఇతరులు అడిగినదాని గురించి ఆలోచిస్తుంది. ఎవరూ ఏమీ అడగని వేళ తనకు కావలసిన చోటికి తానే వెళుతుంది. నీ మనసు ఆ వంటింటికి వెళుతున్నదంటే, అక్కడ నీకు ఇంకా తేలని విషయమేదో ఉన్నదన్నమాట.

చెప్పిందే చెబుతున్నానని నువ్వు కుంగిపోవలసిన పని లేదు. మన పక్కనున్న బెజవాడలో జీవితంలో ఎక్కువ కాలం గడిపిన విశ్వనాథ సత్యనారాయణగారు, మళ్లీ రామాయణం ఎందుకని అడిగేవారికి తమ రామాయణ కల్పవృక్షం కావ్యారంభంలోనే జవాబిచ్చారు: లోకమంతా రోజూ తిన్న అన్నమే తింటున్నది, ఎవరి రుచి వారిది, తలచిన రాముడినే తానూ తలుస్తాడు, తన భక్తి తనది. వినుకొండలో పుట్టిన జాషువాగారు కాళిదాసు మేఘసందేశపు పద్ధతినే తీసుకుని, మేఘానికి బదులు గబ్బిలాన్ని దూతగా పంపారు. అంటరానివాడిని రానివ్వని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు కదా. పద్ధతి పాతదే, కానీ మోసుకువెళ్లిన బాధ అంతకుముందు ఆ దారిలో నడిచినది కాదు. ఆ బాధను ఆయన ఒక్క కావ్యంతో వదలనూ లేదు. ఒకే విషయం దగ్గరకు తిరిగి వచ్చే రచయితను నేను ఎక్కువగా నమ్ముతాను. ప్రతి కథకూ కొత్త వస్తువు వెతుక్కునేవారిలో చాలామంది దేని దగ్గరా ఎక్కువసేపు నిలవరు.

ఇక నీ కథ గురించి నాకున్న అభ్యంతరం ఒక్కటే. అందులో అమ్మమ్మ చాప పరచుకున్న మరుసటి వాక్యంలోనే పాలవాడు వచ్చేశాడు. కథ నడవాలన్న తొందరలో నువ్వు కూడా ఆమెను లేపేశావు. ఆ పేజీ మళ్లీ రాయి తల్లీ. ఆమె ఎంతసేపు పడుకుంటే అంతసేపు నువ్వూ అక్కడే ఉండి, కళ్లు మూసుకుని ఆమె ఏమి తలచుకుందో రాయి. అది చదవాలని నాకు ఎంతో ఆశగా ఉంది. పత్రికకు కథ పంపే గడువు దాటిపోతుందనుకుంటే తరువాతి సంచికకు పంపవచ్చు.

ఇట్లు,
మీ అమ్మ