ఆ లింకు పంపను

ఏమే మొద్దూ,

సగం ధరకే దొరికిందని నేను గొప్పలు పోయిన ఐలైనర్ లింకు అడిగావుగా? పంపను. తిట్టుకోకుండా కారణం విను.

నాలుగు రోజులు పెట్టుకున్నాను. ఐదో రోజు లేచేసరికి రెప్పలు వాచి కళ్ళు తెరుచుకోలేదు. డాక్టరమ్మ మందు రాయకముందే ఆ డబ్బా చూపించమంది. బ్యాచ్ నంబరు మీద వేలితో రుద్దితే అంకెలు చెరిగి వేలికంటాయి! నకిలీ సరుకన్నమాట. 2018లో లాస్ ఏంజెలెస్ పోలీసులు పట్టుకున్న నకిలీ మేకప్‌లో బ్యాక్టీరియా, జంతువుల మలం కూడా బయటపడ్డాయట. అది చదివాక కళ్ళు ఎన్నిసార్లు కడుక్కున్నానో అడక్కు.

"మంట పుట్టింది కాబట్టి బతికిపోయావు" అంది డాక్టరమ్మ. నాకు ముందు అర్థం కాలేదు. తెల్లబరిచే దొంగ క్రీముల్లో పాదరసం కలుపుతారట. అది చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకే అడ్డుపడుతుంది. అంటే క్రీము నిజంగానే పనిచేస్తుంది! ముఖం తేటపడుతుంటే ఎవరైనా ఎందుకు అనుమానిస్తారు? ఈలోగా అది ఒంట్లోకి ఇంకి మూత్రపిండాలను, నరాలను దెబ్బతీస్తుంది. తువ్వాలుకీ దిండుకీ అంటుకుని, క్రీము ముట్టుకోని పిల్లలదాకా పోతుంది. కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది. రాయడం మానేస్తే ముఖం ఎర్రబడి మండుతుంది, ఆ భయానికి మళ్ళీ అదే రాస్తారు. మీ అక్క వాడే పేరులేని క్రీము నాకు అప్పుడే గుర్తొచ్చింది.

అడ్డుకునేవాళ్ళు లేకపోలేదు. పాదరసం మీద దేశాల మధ్య మినమాటా ఒప్పందం 2013లో కుదిరి 2017లో అమల్లోకి వచ్చింది. మొదట్లో సౌందర్య సాధనాల్లో పది లక్షల వంతుల్లో ఒక వంతు దాటకూడదనేవారు. 2023లో ఆ మినహాయింపూ తీసేశారు. 2025 తర్వాత పాదరసం కలిపినవి తయారు చేయకూడదు, ఎగుమతి దిగుమతులూ చేయకూడదు. రాత వరకు బాగానే ఉంది. కానీ సరుకు చిన్న చిన్న పార్సిళ్ళలో వస్తుంటే కస్టమ్స్ వాళ్ళు ఎన్నని విప్పుతారు?

నేనూ ఫిర్యాదు చేశాను. రెండు రోజుల్లో ఆ అమ్మకందారు పేజీ తీసేశారు. వారం తిరక్కుండానే అదే ఫోటో, ఇంకో పేరు. రక్తబీజుడి సంతానంలా ఉన్నారు! మళ్ళీ ఫిర్యాదు పెట్టాను, నా మొండితనం నీకు తెలుసుగా. ఇంకోటి, ఖాళీ సీసాలు పగలగొట్టి గానీ పారేయకు. వాటినే కడిగి మళ్ళీ నింపుతారు.

అక్కకి ఫోన్ చేయడానికి నాకు మొహమాటంగా ఉంది. నువ్వే ఆ డబ్బా నాలుగు వైపులా ఫోటోలు తీసి పంపు. ఈలోగా దాన్ని ముట్టుకోవద్దని చెప్పు, కోప్పడినా సరే.

నీ,
వాచిన కళ్ళ రాణి